వానాకాలం అయ్యాక కుండీల మట్టి మొత్తం మార్చాలా? బాల్కనీ, కిటికీ తొట్ల గురించి నా సమాధానం

మీరు అడిగింది క్లుప్తంగా ఇది కదండీ: హైదరాబాద్‌లో మూడో అంతస్తు ఫ్లాట్. తూర్పు బాల్కనీలో 14 కుండీలు, దక్షిణం వైపు కిటికీ గ్రిల్‌లో రెండు పొడవాటి తొట్లు. జూన్‌లో పెట్టిన మొక్కలు వానలకు తీగల్లా సాగిపోయాయి, కింది ఆకులు పసుపెక్కి రాలిపోతున్నాయి, మట్టి రెండు మూడు అంగుళాలు కిందికి దిగిపోయింది. దసరా సెలవుల్లో అన్నీ పీకేసి, కొత్త మట్టి పోసి, చలికాలం పూలమొక్కలు పెట్టాలనుకుంటున్నారు. నర్సరీ అతను పాత మట్టి మొత్తం పారేయమన్నాడు. చివర్లో తులసికి కూడా ఇప్పుడే మట్టి మార్చాలా అని అడిగారు.

సూటిగా చెప్తాను. మట్టి మొత్తం పారేయొద్దు. పైనుంచి మూడో వంతు తీసి, దానికి ఎరువు కలిపి మళ్లీ నింపితే సరిపోతుంది. దానికంటే ముందు చేయాల్సింది కుండీ అడుగున చిల్లులు తెరుచుకుని ఉన్నాయో లేదో చూడటం. ఇక దసరా సెలవులు కలిసొచ్చాయి కదా అని పని మొదలుపెట్టకండి, వాన నిజంగా వెళ్లిందా లేదా చూసుకోండి. ఇప్పుడున్న మొక్కల్లో సగానికి పైగా కత్తెర వేస్తే మళ్లీ దారిలోకి వస్తాయి.

నర్సరీ అతన్ని తప్పు పట్టక్కర్లేదు, మట్టి బస్తాలు అమ్ముకోవడం అతని వ్యాపారం. నేనూ మొదటి నాలుగేళ్లు అలాగే చేశాను. ఇప్పుడు మా మిద్దెతోటకి 16 ఏళ్లు, చిన్నా పెద్దా కలిపి 120 దాకా కుండీలున్నాయి. అప్పట్లో ఏటా అక్టోబరు రాగానే బస్తాలకు బస్తాలు ఎర్రమట్టి తెప్పించేదాన్ని. లిఫ్ట్‌లో మట్టి తేవద్దని అపార్ట్‌మెంట్ వాళ్లు గొడవ చేస్తే మా ఆయన మెట్ల మీద మోసుకొచ్చేవారు. "మొక్కలు పెంచుతున్నావా, ఇంకో అంతస్తు కడుతున్నావా?" అని విసుక్కునేవారు. ఐదో ఏడు ఆయనకి నడుం పట్టేసింది. వేరే దారిలేక సగం కుండీల్లో పాత మట్టే బాగుచేసి వాడాను. ఫిబ్రవరికి చూస్తే రెండు రకాల కుండీలకీ తేడా ఏమీ కనిపించలేదు. ఇంకా చెప్పాలంటే పాత మట్టిలో చామంతులే కాస్త ముందు పుంజుకున్నాయి.

నాలుగు నెలల వానలో కుండీ మట్టికి రెండు జరుగుతాయి. ఒకటి, నీళ్లతో కలిసిపోయే పోషకాలు, ముఖ్యంగా నత్రజని, కింది చిల్లుల్లోంచి కారిపోతాయి. మీరు చెప్పిన పసుపు ఆకులు చాలావరకు అందుకే. ముదురు ఆకు ముందు పసుపెక్కి, చివరి చిగురు మాత్రం పచ్చగానే ఉంటే అది ఆకలి. రెండు, చినుకులు కొట్టీ కొట్టీ మట్టి అణిగిపోతుంది. అందులో కలిపిన ఎరువు కుళ్లి తరిగిపోతుంది కాబట్టి మట్టమూ తగ్గుతుంది. మట్టి చచ్చిపోలేదు, ఆకలేసి బిగుసుకుపోయిందంతే.

అయితే పసుపెక్కిన ప్రతి మొక్కా ఆకలితో ఉన్నట్టు కాదు. చిగుళ్లు కూడా వాడిపోయి, మట్టి తడిగానే ఉండి, కుండీ దగ్గర ముక్కు పెడితే మురుగు కంపు కొడుతుంటే వేరు కుళ్లుతోందని అర్థం. అలాంటి దానికి ఎరువు వేస్తే ఇంకా త్వరగా పోతుంది.

పని మొదలుపెట్టే ముందు ఒక కుండీని పూర్తిగా విప్పి చూడండి. ఒక్కటే. నేను ఏటా అలాగే చేస్తాను. నిరుడు ఓ 12 అంగుళాల ప్లాస్టిక్ కుండీని పాత పేపరు మీద బోర్లించాను. తట్టినా రాలేదు. అంచు చుట్టూ చాకు తిప్పితే అప్పుడు ముద్దగా జారింది. మట్టి కనపడనంతగా వేళ్లు గోడవెంట గుండ్రంగా చుట్టుకుని, అచ్చు తాడు చుట్టలా ఉన్నాయి. కింద మూడు చిల్లులుంటే రెండింటిలో వేళ్లు బిరడాల్లా దిగబడి ఉన్నాయి. మూడోది అసలు చిల్లే కాదు, అచ్చులో పోసిన పల్చటి ప్లాస్టిక్ పొర అలాగే ఉంది! కొన్న రోజు నేను పొడవడం మర్చిపోయిన చిల్లు అది. ముద్ద నడిమధ్య మాత్రం పొడిగా, అక్కడ గుడ్లతో సహా చీమల కాపురం. పైన తడి, అడుగున బురద, మధ్యలో పొడి. రోజూ నీళ్లు పోస్తున్నా మొక్క ఎందుకు వాలిపోతోందో అప్పటిదాకా నాకు అంతుపట్టలేదు. మీవి ప్లాస్టిక్ కుండీలైతే ముందు ఆ పొరలు చూసుకోండి. కాల్చిన స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే సరిపోతుంది.

మట్టి బాగుచేసే పద్ధతి

ముందు రెండు రోజులు నీళ్లు ఆపండి. పైన పట్టిన పాచిని చిన్న పారతో పెచ్చులా గీకి పారేయండి. తర్వాత నాలుగైదు అంగుళాల లోతు వరకు మట్టి తీసి, పాత చీర మీదో ప్లాస్టిక్ షీటు మీదో పల్చగా ఎండబెట్టండి. రోజుకోసారి కలియబెడుతూ మూడు నాలుగు రోజులు ఎండనివ్వాలి. వేళ్లు, రాళ్లు ఏరేయండి. తెల్లగా, లావుగా, సున్నాలా ముడుచుకునే వేరు పురుగులు కనిపిస్తే అవీ ఏరేయాలి. కాకులకి మహా ఇష్టం, మా మిద్దె మీద ఆ పని అవే చూసుకుంటాయి. నత్తలు, రోకలిబండలు కూడా ఈ దశలోనే బయటపడతాయి.

ఎండిన మట్టి రెండు పాళ్లకి బాగా మాగిన పశువుల ఎరువు గానీ వర్మీ కంపోస్టు గానీ ఒక పాలు, కడిగిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) అర పాలు. 12 అంగుళాల కుండీకి ఒక గుప్పెడు వేపపిండి. ఇదే నా కొలత. ట్రైకోడెర్మా విరిడి (మేలు చేసే బూజు) పొడి దొరికితే చెంచాడు చొప్పున కలపండి, వానాకాలం తర్వాత వేరుకుళ్లు పెట్టే బూజులకి అది చెక్ పెడుతుంది. పొలాలకి 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండికి 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి చల్లమని వ్యవసాయ శాఖ వాళ్లు ఎప్పటినుంచో చెప్తున్నదే. కలిపాక చేత్తో ముద్ద కడితే నిలవాలి, వేలితో తడితే విడిపోవాలి. ఆ మాత్రం తేమతో వారం, పది రోజులు నీడలో మగ్గనిచ్చి అప్పుడు కుండీల్లోకి ఎత్తండి. వేపపిండి తడి తగిలిన మొదటి రోజుల్లో వేడెక్కుతుంది, ఆ వేడిలో నారు పెడితే లేత వేళ్లు మాడిపోతాయి. పచ్చి పేడ సంగతి చెప్పనే అక్కర్లేదు.

నింపేటప్పుడు అడుగున మిగిలిన పాత మట్టిని ఇనుప చువ్వతో నాలుగైదు చోట్ల పొడిచి గుల్ల చేయండి. పైన అంగుళం ఖాళీ వదలండి. అంచుదాకా నింపితే పోసిన నీళ్లన్నీ పొర్లి కింది ఇంటివాళ్ల బట్టల మీదే పడతాయి.

కోకోపీట్ కడగకుండా వాడొద్దు. ఇటుకలా వచ్చే దాంట్లో ఒక్కోసారి ఉప్పు బాగా ఉంటుంది. బకెట్లో నానబెట్టి, పిండి, ఆ గోధుమరంగు నీళ్లు పారబోసి, మళ్లీ నానబెట్టాలి. రెండు మూడుసార్లయినా. ఒక ఏడాది బద్ధకించి అలాగే కలిపేశాను. పదిహేను రోజులకి పిటూనియా ఆకుల అంచులన్నీ గోధుమరంగులో మాడిపోయాయి. ఏదో తెగులనుకుని రెండుసార్లు మందు కూడా కొట్టాను. అన్నట్టు, 5 కిలోల బ్లాకు నానితే 60 లీటర్లకి పైనే అవుతుంది. మీ 16 కుండీలకి ఒక్కటి తెచ్చుకుంటే మిగులుతుంది.

అడుగున రెండంగుళాలు కంకర పోయమని చాలామంది చెప్తారు. చిన్న కుండీల్లో అది దండగ. మెత్తటి మట్టి తన కింద గులకరాళ్లున్నాయని నీళ్లు వదిలేయదు, పూర్తిగా నానేదాకా పట్టుకునే ఉంటుంది. పైగా వేళ్లకుండే చోటు తగ్గిపోతుంది. చిల్లు మీద ఒక పెంకు ముక్కో దోమతెర ముక్కో చాలు, మట్టి జారిపోకుండా.

మొత్తం మట్టి తీసేయాల్సిన సందర్భాలు రెండే చూశాను. మొక్క వేరుకుళ్లుతో చచ్చిన కుండీ, వేళ్ల మీద బుడిపెలు కట్టి నులిపురుగులు ఉన్న కుండీ. టమాటా, వంగ పెట్టిన వాటిలో ఈ బుడిపెలు ఎక్కువ. ఆ మట్టిని మిగతా వాటిలో కలపకుండా వేరే సంచిలో మూటకట్టి పెట్టి, ఏప్రిల్, మే ఎండల్లో బాగా కాగాక వాడుకోండి. అక్టోబరు ఎండకి అంత శక్తి ఉండదు.

ఎప్పుడు చేయాలి

2020లో నేను చేసిన తెలివితక్కువ పని చెప్తాను. ఆ ఏడు సెప్టెంబరు చివర్లో వారం రోజులు ఎండ కాసింది. ఇంకేం, వాన వెళ్లిపోయిందని సంబరపడి మట్టంతా కలిపి, అక్టోబరు 10న 40 కుండీల్లో నారు పెట్టేశాను. 13వ తేదీ రాత్రి హైదరాబాద్‌లో ఎలాంటి వాన పడిందో మీకూ గుర్తుండే ఉంటుంది. ఊళ్లో కాలనీలకు కాలనీలు మునిగిన రాత్రి కుండీల గురించి ఏడవడం సిగ్గనిపించింది గానీ, తెల్లారి చూస్తే వర్మీ కంపోస్టంతా మిద్దె మీద పారి డ్రైన్ పైపు పూడిపోయింది. నారు ఒక్కటి మిగల్లేదు.

నైరుతి మన వైపు నుంచి మామూలుగా అక్టోబరు మధ్యలో వెనక్కి మళ్లుతుంది. అక్టోబరు రెండో వారం నుంచి దాదాపు 23 దాకా చిత్త కార్తె. చిత్త చినుకు తన చిత్తం వచ్చిన చోట పడుతుందని మా అమ్మమ్మ అనేది, ఇప్పటికీ అంతే. అందుకని దసరా సెలవుల్లో మీరు చేయదగ్గవి కత్తిరింపులు, చిల్లుల పని, మట్టి ఎండబెట్టడం, వేపపిండి కలిపి నీడలో మగ్గబెట్టడం. నారు పెట్టడం మాత్రం స్వాతి కార్తెలో, అంటే అక్టోబరు చివరి వారంలో. దీపావళికి కుండీలు నిండుగా ఉండాలంటే పూలతో ఉన్న మొక్కలు నాలుగు కొని మధ్యలో పెట్టుకోండి.

ఇది చదువుతున్న నెల్లూరు, తిరుపతి, ప్రకాశం వాళ్లకి ఈ లెక్క కుదరదు. మీకు అసలు వానలు ఈశాన్యంతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉంటాయి. డిసెంబరు మధ్య వరకు మట్టి జోలికి పోవద్దు. విశాఖ వాళ్లకైతే ఒకే మాట, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన ఊరది. నవంబరు దాటేదాకా గ్రిల్ బయట ఏదీ వేలాడదీయకండి.

ఎండ చోటు మారుతుంది

చాలామంది పట్టించుకోనిది ఇదే. మే నుంచి జులై దాకా మన తలమీది సూర్యుడు మిట్టమధ్యాహ్నం కాస్త ఉత్తరానికే ఉంటాడు, అందుకే ఉత్తరపు బాల్కనీలకి ఎండాకాలంలో ఎండ తగులుతుంది. సెప్టెంబరు 23 దాటాక సూర్యుడు తూర్పుకి దక్షిణంగానే ఉదయిస్తాడు. అక్కడినుంచి మార్చి దాకా ఉత్తరపు బాల్కనీకి నేరుగా ఎండ సున్నా. దక్షిణం కిటికీకి మాత్రం పండగే. డిసెంబరులో ఎండ ఏటవాలుగా గది లోపలి దాకా వస్తుంది.

అంటే మీ దక్షిణపు కిటికీ తొట్లు జూన్‌లో ఉన్నట్టు ఇక ఉండవు. అప్పుడు నీడకని మీరు పెట్టిన కోలియస్, సింగోనియం వాటిలోంచి తీసి బాల్కనీ లోపలి గోడవైపుకి మార్చండి. పూలమొక్కలకి మీ ఇంట్లో ఇప్పుడు ఆ కిటికీయే మంచి చోటు. తూర్పు బాల్కనీకి పొద్దున ఎండ ఉంటుంది గానీ అది పడే చోటు జరుగుతుంది. చామంతులు, గులాబీలు ఎండ ఎక్కువ తగిలే మూలకి, ఆకుకూరలు రెండో వైపుకి.

కిటికీ తొట్లు

మీవి 24 అంగుళాల పొడవు, 8 వెడల్పు, 7 లోతు అన్నారు. అంచుదాకా నింపితే 22 లీటర్లు. ఎర్రమట్టి పోసి తడిపితే ఒక్కోటి దాదాపు 30 కిలోలు తూగుతుంది. గ్రిల్‌లో మీరు రాసినట్టు రెండు కొక్కేల మీద నిలబెట్టే బరువు కాదది. తొట్లకి మాత్రం మట్టి పాళ్లు తిరగేయండి: కోకోపీట్ రెండు పాళ్లు, వర్మీ కంపోస్టు ఒక పాలు, పాత మట్టి ఒక పాలు. బరువు బాగా తగ్గుతుంది. అయినా సరే, కొక్కేలతో పాటు జీఐ తీగతో (తుప్పు పట్టకుండా పూత వేసిన ఇనుప తీగ) రెండు చోట్ల గ్రిల్‌కి కట్టండి. కింద పిల్లలు ఆడుకుంటారు.

కోకోపీట్ ఎక్కువైన తొట్టిలో పోషకాలు త్వరగా అయిపోతాయి కాబట్టి పదిహేను రోజులకోసారి ఏదో ఒకటి ఇవ్వాలి. నేను వేరుశనగ చెక్క 100 గ్రాములు లీటరు నీళ్లలో మూడు రోజులు నానబెట్టి, పదింతలు నీళ్లు కలిపి పోస్తాను. కంపు కొడుతుంది, దాచేదేం లేదు. చుట్టాలు వచ్చే రోజున పోయకండి. ఫ్లాట్‌లో అది కుదరదనుకుంటే తొట్టికి రెండు గుప్పిళ్లు వర్మీ కంపోస్టు పైన చల్లి మట్టితో కప్పండి.

తొట్టి కింద ట్రే పెడితే అందులో నీళ్లు నిలవనివ్వకండి. డెంగీ దోమకి అంతకంటే మంచి ఉయ్యాల దొరకదు, అదీ ఈ నెలల్లోనే. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. వారానికొక రోజు నిలవ నీళ్లన్నీ ఒంపేసే డ్రైడే అని మున్సిపాలిటీ వాళ్లు చెప్పేది కుండీల కింద ప్లేట్లకి కూడా వర్తిస్తుంది.

ఉన్న మొక్కల్లో ఏది కోయాలి, ఏది కోయకూడదు

గులాబీని వాన ఆగగానే ధైర్యంగా కోయండి. ఎండుపుల్లలు, లోపలికి పెరిగే కొమ్మలు తీసేసి, మిగతావి బయటి వైపు చూస్తున్న కన్ను పైన ఏటవాలుగా. అంటు కింద నుంచి వచ్చే పిలకలు మొదలంటా తీసేయండి. నెలన్నరకి పూస్తుంది. మందారం కొసలు మాత్రం కాస్త కత్తిరించండి, ఆ కొసల్లోనే పిండినల్లి దాక్కుంటుంది. లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి కాస్త కుంకుడు రసం, సాయంత్రం పూట ఆకు అడుగున తగిలేలా. వారానికోసారి చొప్పున మూడు వారాలు.

మల్లె జోలికి ఇప్పుడు పోవద్దు. దానికి నీళ్లు తగ్గించి, ఆకు దూసి, కత్తిరించేది నవంబరు చివరినుంచి జనవరి లోపు. ఇప్పుడు కోస్తే వచ్చిన లేత చిగురంతా చలికి అలాగే నిలబడిపోతుంది. అడీనియం కుండీ కూడా మార్చకండి. చలికి అది నిద్రపోయే మొక్క, నీళ్లు తగ్గించి ఎండలో వదిలేసి ఫిబ్రవరి చివర్లో మార్చుకోండి. నేను ఇద్దరు ముగ్గురికి ఈ మాట చెప్పేలోపే నవంబరులో మార్చేసి దుంప కుళ్లబెట్టుకున్నారు.

బతుకమ్మకని వేసిన గునుగు, సీతజడ ఉంటే వాటి పని ఇక అయిపోయింది. నాలుగు వెన్నులు విత్తనానికి ఉంచి, ఎండాక కాగితం పొట్లంలో కట్టి, మిగతాది పీకేయండి. గునుగు విత్తనం కుండీలో రాలనిస్తే వచ్చే ఏడు మీరు వేయక్కర్లేదు, వద్దన్నా వస్తుంది.

కొత్తగా ఏం పెట్టాలి

బంతి విత్తనం అక్టోబరు మూడో వారంలో చల్లితే పూలు సంక్రాంతి గొబ్బెమ్మలకి అందుతాయి. దసరా, దీపావళి పూలకి జులై, ఆగస్టుల్లోనే చల్లి ఉండాల్సింది. పిటూనియా విత్తనం ఆవగింజ కంటే చాలా చిన్నది, దాని మీద మట్టి కప్పకూడదు. మొదటిసారి కాబట్టి నారే కొనుక్కోండి. మీ తొట్టికి మూడు, మహా అయితే నాలుగు మొక్కలు. కొన్నప్పుడు బోసిగా కనిపిస్తుంది గానీ నెల తిరిగేసరికి అంచు మీదుగా పొర్లుతాయి, మార్చిదాకా పూస్తాయి. పక్కనే డయాంథస్, వెర్బినా బాగుంటాయి. ప్యాన్సీకి డిసెంబరు చలి కావాలి, అప్పటిదాకా ఆగండి.

చామంతి దగ్గర రెండు పొరపాట్లు జరుగుతాయి. ఒకటి, గుబురుగా రావాలని ఇప్పుడు తలలు తుంచడం. అది ఆగస్టులోపే చేయాలి, ఇప్పుడు తుంచితే మొగ్గల్నే తుంచినట్టు. రెండోది లైటు. చామంతి రాత్రి పొడవుని చూసి మొగ్గ కట్టే మొక్క. మా మేనకోడలి ఇంట్లో మూడేళ్లు చామంతి ఏపుగా పెరగడమే గానీ పువ్వు లేదు. వెళ్లి చూస్తే బాల్కనీలో ట్యూబ్‌లైట్ రాత్రంతా దాని నెత్తినే వెలుగుతోంది. మొక్కని వంటింటి వైపు వరండాలోకి మార్చాక నెలలోపే మొగ్గలు కనిపించాయి. బెంగళూరు దగ్గర చిక్కబళ్లాపురం వైపు రాత్రిపూట వెళ్తే చామంతి తోటల్లో బల్బుల తోరణాలు కనిపిస్తాయి, అది పూత ఆలస్యం చేయడానికి రైతులు వేసే ఎత్తు. మీ బాల్కనీ ఎదురుగా వీధి దీపం ఉందన్నారు, చామంతిని దాని వెలుగు పడని మూలకే పెట్టండి. కొనేటప్పుడు పూలన్నీ విచ్చిన మొక్క కాకుండా మొగ్గలు రంగు చూపిస్తున్నది తీసుకోండి. పూలయ్యాక మూడంగుళాలు ఉంచి కోసేస్తే అడుగు నుంచి పిలకలొస్తాయి, వచ్చే ఏటికి అవే మొక్కలు.

లారీల్లో వచ్చిన నర్సరీ మొక్కలకి చాలావాటికి వేళ్ల చుట్టూ బంకమట్టి ముద్ద ఉంటుంది. కవరు చింపి దాన్ని అలాగే పాతితే మీరు పోసే నీళ్లు ముద్ద పక్కనుంచి జారిపోతాయి, లోపల వేరు ఎండిపోతుంది. ముద్దని పది నిమిషాలు నీళ్లలో పెట్టి, బయటి అంగుళం మెత్తబడ్డాక వేళ్లతో మెల్లగా విడదీయండి. మొత్తం కడిగేయకండి, లేత వేళ్లు తెగిపోతాయి. రెండు మూడు రోజులు నీడలో ఉంచి ఎండలోకి మార్చండి.

పూలే కాకుండా రెండు కుండీలు ఆకుకూరలకి ఇవ్వండి. ఎండాకాలంలో మనల్ని ఏడిపించే కొత్తిమీర ఇప్పుడు చక్కగా వస్తుంది. ధనియాలని చపాతీ కర్రతో బద్దలయ్యేలా నలిపి రాత్రంతా నానబెట్టి చల్లండి. మొలవడానికి పది రోజులు, కోయడానికి నలభై. మెంతి అయితే నెలలోపే పప్పులోకి వచ్చేస్తుంది.

నీళ్ల విషయం. వానాకాలం అలవాటులో అక్టోబరులో నీళ్లు మర్చిపోతాం, డిసెంబరులో అక్టోబరు అలవాటుతో రోజూ పోసేస్తాం. రెండూ తప్పే. చూపుడు వేలు రెండు కణుపుల దాకా దింపండి, పొడిగా ఉంటేనే పోయండి. పొద్దున పూటే.

అమెరికా నుంచి ఒకరు మీ ప్రశ్న కింద ఇదే పద్ధతి అక్కడా పనికొస్తుందా అని రాశారు. మట్టి వరకు పనికొస్తుంది, మొక్కల వరకు కాదు. న్యూజెర్సీలో ఉండే మా చెల్లెలికి అక్టోబరు చివరికి మంచు గడ్డకట్టే రాత్రులు మొదలవుతాయి. బంతి ఒక్క రాత్రికి నల్లబడిపోతుంది, ప్యాన్సీ తట్టుకుంటుంది. రాత్రి 10 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గేలోపు కరివేపాకు ఇంట్లోకి రావాల్సిందే. ఆకు అడుగున నల్లి, పేనుబంక చూసి, కడిగి తేవాలి. మట్టి కుండీలు బయట వదిలితే లోపలి నీరు గడ్డకట్టి పగులుతాయి.

చివరిగా మీ తులసి. దానికి ఇప్పుడు మట్టి మార్చకండి. కార్తీకమంతా రోజూ దీపం పెట్టే మొక్కని కదపడం ఇంట్లో పెద్దవాళ్లకీ నచ్చదు, మొక్కకీ పడదు. పైన రెండంగుళాలు గీకి వర్మీ కంపోస్టు వేసి, గింజ కట్టిన వెన్నులు తుంచండి చాలు. పసుపు, కుంకుమ, పాలు మొక్క మొదలు దగ్గర పోస్తూ ఉంటే మట్టి పైన అట్టకడుతుంది, వాటికి కోట అంచున ఒక చిన్న పళ్లెం పెట్టుకోండి. ప్రమిద కొమ్మల కింద కాకుండా జానెడు దూరంలో ఉండాలి. ప్రతి కార్తీకంలో ఎవరో ఒకరు ఆకులు ఒకవైపే మాడిన ఫొటో పెట్టి ఏం తెగులని అడుగుతారు, అది దీపం సెగ. క్షీరాబ్ది ద్వాదశికి తులసి పక్కన ఉసిరి కొమ్మ గుచ్చుతారు కదా, దాన్ని మొదలుకి ఆనించకుండా కుండీ అంచు దగ్గర గుచ్చండి. మర్నాడు తీసేటప్పుడు అటూ ఇటూ ఊపకుండా నిలువుగా పైకి లాగండి, లేకపోతే తులసి వేళ్లు తెగుతాయి.